ఆమెన్ తర్వాత రాసిన తీర్మానం

మా చెల్లెలి కూతురు ఒక ఫైనాన్స్ కంపెనీలో రిస్క్ మేనేజర్. అదేం ఉద్యోగమని మొదట్లో అడిగితే, "కంపెనీల అందరు సరే అన్నప్పుడు వద్దు అనెటోళ్ళు ఒకలు గావాలె పెద్దమ్మా. గా ఒకలకు జీతమిచ్చి కూసోబెడ్తరు" అన్నది. నేను నవ్వలేదు. ఆ పని నేను ఆరేళ్ళు జీతం లేకుండా చేశాను. చేయాల్సిన ఒక్క రోజు మాత్రం చేయలేదు.

పోయిన ఎండాకాలం తమ ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు నా సంగతి చెప్పమని ఎల్బీనగర్‌లో శిక్షణ జరిగే హాలుకు తీసుకుపోయింది. తెర మీద పాలన, నీతి, వైఫల్యం అని మూడు మాటలు. ఒక్కో మాట కింద నేను చెప్పాల్సిన పాఠం కూడా తనే ముందుగా రాసిపెట్టింది. పిల్లలు మర్యాదగా విన్నారు. ఒక అమ్మాయి మాత్రం చేయెత్తి అడిగింది. "ఆంటీ, ఆ భూమి సంగతి మీకు తెలుసు. సంతకం మీ చేతిలో ఉంది. మిమ్మల్ని ఎవరూ బెదిరించలేదు. మరి ఎందుకు వద్దనలేదు?"

"ఆమె నాకు కుర్చీ వేసింది బిడ్డా" అన్నాను.

తమాషాకు అన్నాననుకుని అందరూ నవ్వారు. అంతలో సమోసాలు వచ్చాయి, టైమైపోయింది. ఆ జవాబులో మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి నాలుగేళ్ళు ఇంట్లోనే ఉన్నాను. నడక వచ్చేసరికి నా ఈడు పిల్లలు పై తరగతులకు వెళ్ళిపోయారు. నల్లగొండ దగ్గర మా ఊళ్ళో, మా నాన్న చర్చి పాటల పుస్తకం మీద నా వేలు పెట్టించి అక్షరాలు నేర్పాడు. ఆ పాటలన్నీ అప్పటికే నాకు నోటికి వచ్చు. అందుకని నేను చదువుతున్నానో, తెలిసిందే పాడుతున్నానో ఆయనకు అర్థమయ్యేది కాదు. ఒక్కోసారి గబుక్కున పుస్తకం మూసి, "నడిమిల మాట పలక మీద రాయి" అనేవాడు. అక్కడ దొరికిపోయేదాన్ని. అట్లా పట్టుకునే తండ్రిని ఇచ్చినందుకు దేవునికి ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను. పెద్దయ్యాక అట్లా పట్టుకునేవాళ్ళు నాకు లేకపోయారు.

పెళ్ళయి మన్సూరాబాద్ వచ్చాక దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపుల నుంచి ఫాల్, పీకో పని తెచ్చుకుని ఇంట్లో కుట్టడం మొదలుపెట్టాను. ఫాల్ రంగు చీర అంచుకు కలవకపోతే షాపాయన మూట మొహం మీదికే విసిరేవాడు. ఆయనకు కూడా నేను రుణపడే ఉన్నాను. తేడా కనిపెట్టే కన్ను నాకు అక్కడే వచ్చింది.

మా చర్చిలో ఆడవాళ్ళ పొదుపు సంఘం ఉంది. ఆయాలు, దర్జీ పని వాళ్ళు, ఇళ్ళలో వంట చేసేవాళ్ళు, వందకు పైగా సభ్యులు. దాన్ని పెట్టింది మా అమ్మగారు, అంటే పాస్టరుగారి భార్య. ఆమెది కోస్తా వైపు. మాటలో ఆ వైపు మెత్తదనం ఉండేది. మొదటి కమిటీ ఏర్పడిన రోజు, రిజిస్టరు రాసే పని నాకిద్దామని ఆమె అంటే, ఒకావిడ "పదో తరగతి కాయితం లేని మనిషికి రిజిస్టరా?" అన్నది. నేను వాకిలి దగ్గర చాప మీద ఉన్నాను. అమ్మగారు లేచి, తను కూర్చున్న కుర్చీని బరబరా లాక్కొచ్చి బల్ల దగ్గర వేసింది.

"ఇలా వచ్చి కూర్చోమ్మా. సర్టిఫికెట్లున్నవాళ్ళ రాత చదవలేక నా కళ్ళు పోతున్నాయి" అన్నది.

అందరూ నవ్వారు. నేను వెళ్ళి కూర్చున్నాను. నా నలభై ఏళ్ళ బతుకులో బల్ల ముందు కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

సంఘంలో ఒక గట్టి నియమం ఉండేది. ఎవరెంత దాచినా అందులో నాలుగోవంతు ఆపద నిధికి పోవాలి. ఆ నిధిని అప్పుగా ఇవ్వకూడదు, వడ్డీకి తిప్పకూడదు, బ్యాంకులోంచి కదపకూడదు. సభ్యురాలి ఇంట్లో ప్రాణం మీదికి వస్తే మాత్రం అడిగిన రోజే ఇవ్వాలి. మర్నాడు కాదు, ఆ రోజే. చెక్కు మీద రెండు సంతకాలు, ఒకటి అధ్యక్షురాలిగా అమ్మగారిది, ఇంకొకటి నాది. నాది ఎందుకంటే, అమ్మగారికి కూడా వద్దని చెప్పే మనిషి ఒకరుండాలని. ఆ మాట అన్నది అమ్మగారే.

"మరి నువ్వు ఎవలకు లెక్క చెప్పెటిదానివి పెద్దమ్మా?" అని మా చెల్లెలి కూతురు ఒకసారి అడిగింది. అమ్మగారికే అన్నాను. "ఎవలను ఆపాల్నో ఆమెకే లెక్క చెప్పాల్నా?" అని తలకాయ కొట్టుకున్నది.

అసలు సంగతి మా కమిటీ నడిచే తీరులో ఉంది. తొమ్మిది మందిమి, రెండో శనివారం మధ్యాహ్నం చర్చి వెనక హాలులో కూర్చునేవాళ్ళం. చేతులెత్తడం మా దగ్గర లేదు. ఓటంటే ఇంట్లో తగువు పెట్టుకున్నట్టుండేది మాకు. అమ్మగారు విషయం చెప్పేది. కాసేపు మాట్లాడుకునేవాళ్ళం. చివర్లో ఆమె కళ్ళు మూసుకుని ఆ విషయాన్నే ప్రార్థనలో పెట్టేది, అందరం ఆమెన్ అనేవాళ్ళం. అదే తీర్మానం. నేను ఇంటికొచ్చి రిజిస్టరులో "ప్రార్థనాపూర్వకంగా, ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాసేదాన్ని. ఒకరికి కుట్టుమిషను, ఒకరికి ఇంటి అడ్వాన్సు, ఇంకొకరికి పిల్ల ఫీజు, అన్నీ అట్లాగే సాగిపోయాయి. చెడు ఏమీ జరగలేదు. జరగలేదు కాబట్టి అది మంచి పద్ధతేనని మేమే ఒకరికొకరం చెప్పుకున్నాం. ఒకసారి ప్రార్థన మొదలయ్యాక వద్దంటే అది ఎవరికి వద్దన్నట్టు? అమ్మగారికా, దేవునికా? ఆ ప్రశ్న ఎవరూ పైకి అడగలేదు. అందరికీ లోపల తెలుసు.

ఆ హాలుకు నేల టైల్స్ వేయించిన ఒక అన్న ఉండేవాడు. మా చర్చివాడే, రియల్ ఎస్టేట్ చేసేవాడు. తుర్కయంజాల్ వైపు వెంచరు వేశాడు. ఆపద నిధి మొత్తం ఏడాది పాటు అందులో పెడితే, నిధికి నిధి తిరిగొస్తుంది, సంఘానికి సొంత గది కట్టుకునే జాగా వస్తుందన్నాడు. అమ్మగారికి ఆశ పుట్టింది. తన కోసం కాదు. ఆ మాట నేను ఎక్కడైనా నిలబడి చెప్తాను. తన గొలుసు అమ్మి తనూ అందులోనే పెట్టింది.

"కదపకూడదన్న నియమం నిజమే, కానీ ఒక్క ఏడాదే. ఊరికే పడుంది కదమ్మా ఆ డబ్బు. ఆ అన్నయ్య మన బిడ్డే. మనల్ని ముంచుతాడా? నువ్వొకసారి వెళ్ళి జాగా చూసి రా, సంతకం పెట్టేముందు కళ్ళారా చూడాలని రూలుంది కదా" అన్నది నాతో.

చూడటానికి నన్ను తీసుకుపోయింది మా సంఘంలోని ఒక ఆయా భర్త. ఆయా నన్ను అక్కా అంటుంది, నేను ఆమెను చెల్లె అంటాను. ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో పని. భర్తకు సొంత ఆటో. దాని మీద ఫైనాన్స్ అప్పు ఆ ఏడే తీరింది. ఆటో తన పేరు మీదికి వచ్చిన రోజు కొబ్బరి నీళ్ళు కొనుక్కొచ్చి మా ఇంట్లో అందరికీ పోశాడు. కిరాయి ఇవ్వబోతే, "మన సంఘం పనికి పైసలేంది వదినె" అని చెయ్యి అడ్డం పెట్టాడు.

జాగాలో తెల్లటి హద్దురాళ్ళు వరసగా ఉన్నాయి. ఒకదాని మీద చెయ్యి వేస్తే సున్నం అరచేతికి అంటింది. కాస్త అవతల గడ్డి కోస్తున్న ముసలమ్మ తలెత్తి చూసింది.

"ఏంది బిడ్డా, ప్లాటు కొంటవా? గిది చెర్వు శిఖం. వానలు పడ్తే గీ నేలంత నీల్లే. గా రాళ్ళు మొన్న పాతిండ్రు, సున్నమింక ఆరలే."

శిఖమంటే చెరువు నిండినప్పుడు నీళ్ళు పరుచుకునే నేల. అది అమ్మేది కాదు, కొనేది కాదు. మా ఊరి పిల్లలకు కూడా తెలిసిన సంగతి. తిరిగి వస్తుంటే ఆటో అద్దంలోంచి అతను నన్నే చూస్తున్నాడు.

"వదినె, ఆల్లకు చెప్తవ్ గదా?"

"చెప్తా. ఎందుకు చెప్పను?"

"నేను చెప్తే ఆటోడు ఏదో కూస్తున్నడంటరు. నీకైతే సంతకముంది."

నా చేతిరాత మీద నాకు గర్వం. ఇంటికి రాగానే చూసింది చూసినట్టు మూడు వరసలు కాగితం మీద రాసి, మడిచి, రిజిస్టరు అట్టలో పెట్టుకున్నాను.

శనివారం వచ్చింది. ముందు మిగతా విషయాలన్నీ అయ్యాయి. ఆ అన్న ఇంటి నుంచి కేకు వచ్చింది, తిన్నాం. ఒకావిడ బస్సు టైమైందని సంచి సర్దుకుంటోంది. అప్పుడు అమ్మగారు నా వైపు తిరిగింది.

"జాగా చూసొచ్చావు కదమ్మా?"

"చూసొచ్చిన అమ్మగారూ."

"రోడ్డుకు దగ్గరేనా?"

"దగ్గరనే."

అది అబద్ధం కాదు. రోడ్డుకు దగ్గరే. నా చెయ్యి రిజిస్టరు అట్ట మీదికి పోయింది. ఇంతలో ఆమె కళ్ళు మూసుకుంది. ప్రార్థనలో ముందు నిధి గురించి కాదు, నా గురించి చెప్పింది. బడి ముఖం చూడని ఈ బిడ్డను లేవనెత్తి, ఇంత బాధ్యతలో కూర్చోబెట్టినందుకు దేవునికి వందనాలు చెప్పింది. ఈ బిడ్డ కళ్ళతో చూసిన జాగాను దీవించమన్నది. నా కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నన్ను మోసం చేయడానికి ఆమె అట్లా ప్రార్థించలేదు. నిజంగానే అన్నది. అందుకే దానికి అడ్డం చెప్పడం నా వల్ల కాలేదు. తొమ్మిది గొంతులు ఆమెన్ అన్నాయి. అందులో నాది కొంచెం గట్టిగానే వినిపించి ఉంటుంది.

ఆ సాయంత్రం రిజిస్టరు తెరిచి, మామూలు వాక్యం రాశాను. అక్షరాలు ఎప్పటిలాగే ముత్యాల్లా వచ్చాయి. సోమవారం అమ్మగారింట్లో చాయ్ తాగి చెక్కు మీద సంతకం పెట్టాను. మడిచిన కాగితం అట్టలోనే ఉండిపోయింది.

ఆ వానకాలం చెరువు తన జాగాకు తను వచ్చింది. ఇది చెరువు భూమి అని అధికారులు బోర్డు పాతారు. ఆ అన్న ఫోను మోగడం మానేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో అతని ఆఫీసు ఉన్నచోట ఇప్పుడు టిఫిన్ సెంటర్ నడుస్తోంది. ఎక్కడున్నాడో కనుక్కునేదాకా సభ్యులకు చెప్పొద్దన్నది అమ్మగారు. "కంగారు పడతారమ్మా. ఓపిక పడదాం." నేను పట్టాను. మొదటి తప్పు కృతజ్ఞత వల్ల జరిగిందని ఎవరన్నా జాలిపడతారేమో. రెండోది భయం వల్లే. రెండు నెలలు ఆదివారం ఆదివారం అందరి మొహాలు చూస్తూ, వందనాలు చెప్తూ, లేని నిధికి కాపలా ఉన్నాను.

ఒక పొద్దున కుట్టబోయే ఫాల్ గుడ్డలు బకెట్లో నానబెడుతున్నాను. చెల్లె వచ్చింది. డ్యూటీ చీర మీదనే ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో సంఘం పాసుబుక్కు.

"అక్కా, ఆయనకు గుండెల నొప్పి లేసింది. ఆరోగ్యశ్రీ కార్డు నడిచే దవాఖానల మంచాలు లేవన్నరు. నేను చేసే కాడనే చేర్పించిన. స్టెంటు ఎయ్యాలంట. పొద్దుమీకేలోపు కట్టాలె. చెక్కు రాసియ్యి."

"అమ్మగారి సంతకం గావాలె. జర ఆగు" అని ఆమెను వాకిట్లోనే నిలబెట్టి ఉరికాను. అమ్మగారు వినగానే చేతికున్న రెండు గాజులు తీసి నా చేతిలో పెట్టింది. అవి చాలవు. అవి తీసుకుని తిరిగొస్తే చెల్లె అక్కడే, గోడకు ఆనుకుని ఉంది. నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటంటే, "రేపు."

ఆమె నన్ను వింతగా చూసింది. "ఇయ్యాలనే అని గదా అక్కా రాసుకున్నం?"

అప్పుడు చెప్పాను. నిధి లేదని, ఎక్కడ పోయిందో కూడా. ఆమె ఒక్కసారి కవరు విప్పి పాసుబుక్కు చూసుకుంది, అంకెలు అందులో అట్లాగే ఉన్నాయేమో అన్నట్టు. మళ్ళీ కవరు మడిచి గబగబా వెళ్ళిపోయింది.

గాజులు తాకట్టు పెట్టి నేను దవాఖానకు చేరేసరికి ఆటో అమ్ముడుపోయింది. పర్మిటుతో సహా, సగం ధరకు, కింద పార్కింగులోనే బేరమైంది. దేవుని దయవల్ల మనిషి బతికాడు. ఆ వరండాలో ఆమె బకెట్టు, కర్ర పట్టుకుని నేల తుడుస్తోంది. భర్త లోపల ఉన్న గది ముందు తన డ్యూటీ తను చేస్తోంది. నేను తెచ్చిన డబ్బు తీసుకుని కొంగున ముడేసుకుంది. తర్వాత అడిగింది.

"ఆయన నాకప్పుడే చెప్పిండు అక్కా, చెర్వు జాగా అని. మరి నువ్వెందుకు చెప్పలే అంటే, వదినె చెప్తా అన్నది అన్నడు. గా ఆటోలనే గదా పోయిండ్రు మీరు." కర్ర ఆపింది. "చెప్పినవా?"

"లేదు చెల్లె."

ఆమె తల ఊపి మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. నా కాళ్ళ దగ్గరికి వచ్చాక, తడి నేల అని నన్ను పక్కకు జరగమన్నది. అంతే.

తర్వాత విచారణ జరిగింది. సభ్యులు ఫిర్యాదు చేస్తే సంఘాలను చూసే సర్కారు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి రిజిస్టరు తిరగేశాడు. "ఆరేళ్ళల్ల ఒక్కలంటే ఒక్కలు వద్దన్నట్టు లేదు. ఏం సంఘమమ్మా మీది, స్వర్గమా?" అన్నాడు.

"ప్రార్థన చేసే నిర్ణయించాం సార్. అందరం ఆమెన్ అన్నాం" అన్నది అమ్మగారు.

"ఆమెన్ అంటే చెయ్యెత్తినట్టేనా? చెక్కు మీద దేవుడు సంతకం పెట్టలేదు గదమ్మా."

నేను లేచి, అట్టలోంచి కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. జాగా చూసి వచ్చిన రోజునే రాశానని, అందరి ముందు చదవలేదని చెప్పాను. అమ్మగారు ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కుని చదివింది. "నాతో ఒక్క మాట అనాల్సింది కదమ్మా" అన్నది, మెల్లగా, నాకు మాత్రమే వినపడేట్టు. నిజమే. అంటే ఆగిపోయేదేమో. ఆగకపోయేదేమో. ఆమెకు ఆగే అవకాశమే నేను ఇవ్వలేదు. కుర్చీ వేసిన మనిషికి నేను చేసిన ప్రత్యుపకారం అది.

ఆమె పదవి వదిలేసింది, వాళ్ళ ఊళ్ళో పొలం అమ్మి కొంత కట్టింది. నేను నెలనెలా కుట్టు డబ్బులోంచి కడుతున్నాను. చర్చిలో కొందరు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు. నిధి పోయినందుకు కాదు, ఆ కాగితం బయటపెట్టి అమ్మగారిని అధికారి ముందు నిలబెట్టానని. ఆ శనివారమే చదివి ఉంటే ఏమనేవాళ్ళో నాకు తెలుసు. అప్పుడు కూడా అమ్మగారిని అవమానించాననే అనేవాళ్ళు. చెల్లె భర్త ఇప్పుడు నాగోల్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. నన్ను చూస్తే, "బాగున్నవా వదినె" అని లేచి నిలబడతాడు. నేను వద్దన్నా నిలబడతాడు.

ఏడాది తర్వాత సంఘం మళ్ళీ మొదలైంది. రిటైరైన ఒక టీచరమ్మ అధ్యక్షురాలు. నియమం మారింది. ముందు విషయం, తర్వాత ఒక్కొక్కరు నోటితో సరే అనో వద్దనో చెప్పాలి, అక్కడే రాయాలి, చదివి వినిపించాలి. ప్రార్థన ఆ తర్వాతే. చెల్లె కూడా ఈసారి కమిటీలో ఉంది. రిజిస్టరు రాయడానికి చేతిరాత బాగుందని నన్నే పిలిచారు.

మొదటి కూటంలోనే ఆపద నిధి ఎవరు చూడాలన్న మాట వచ్చింది. దానికి మాత్రం అందరూ ఒప్పుకోవాలని రాసుకున్నాం. టీచరమ్మ నా పేరు చెప్పింది. "ఆఫీసర్ ముందు దాచకుండా చెప్పింది ఆమె ఒక్కతే. నాకైతే నమ్మకం" అన్నది. వరసగా సరే, సరే అంటూ వస్తున్నారు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు సంతోషమైంది. దేవుడు నన్ను మళ్ళీ లేవనెత్తాడని లోపల వందనాలు చెప్పుకోవడం కూడా మొదలుపెట్టాను.

చెల్లె వంతు వచ్చింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది, అదే చీర.

"నాకిష్టం లేదు" అన్నది.

టీచరమ్మ ఎందుకని అడిగింది.

"అక్క మంచిది. కాని తనను మంచిగ చూసినోళ్ళకు వద్దని అనలేదు. మొన్న అనలే. రేపు అంటదని నాకు నమ్మకం లేదు."

పక్కనున్న పెద్దావిడ సర్దబోయింది. "పోనీ, జర ప్రార్థన చేసుకుని మాట్లాడుకుందాం."

"ముందు రాయుండ్రి" అన్నది చెల్లె.

కలం నా చేతిలోనే ఉంది. ఒక సభ్యురాలు వ్యతిరేకించారు అని రాశాను. కారణం అని రాసి ఆగాను. ఇంకోసారి చెప్పమన్నాను. ఆమె మళ్ళీ చెప్పింది, ఈసారి నిదానంగా, నేను రాసుకునే వేగానికి సరిపడా. నేను ఏ మాటనూ మెత్తబరచలేదు. ఆమె అన్నది అన్నట్టే పెట్టాను. కాబట్టి నిధి బాధ్యత నాకు రాలేదు, ఇంకొకరికి పోయింది.

రాసింది చదివి వినిపించాలి కదా. నేను రిజిస్టరు ఎత్తాను.

"నువ్వొద్దక్కా" అన్నది చెల్లె. "ఇంకెవలన్న చదువుండ్రి."

రిజిస్టరు టీచరమ్మకు ఇచ్చాను. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. చెల్లె ఆమె భుజం మీదుగా వంగి, చదువుతున్న వరస కింద వేలు పెట్టి, చివరిదాకా విన్నది. అక్షరం తేడా లేదు. సరే అన్నది. అప్పుడు అందరం కళ్ళు మూసుకున్నాం.